ఎడమ వెనక కాలు

బొమ్మనహళ్ళి గార్మెంట్స్‌లో పదకొండేళ్ళు కాలర్లు కుట్టినా.
ఇప్పుడు హెచ్చెస్సార్ లేఅవుట్లో కుక్కల్ని తిప్పుతా.
రెండూ ఒకటే పని అంటే
నా రూములో ఉండే రత్నవేణి నవ్వుతాది.
నవ్వనీ. అది ఇంకా కాజాలు కుడతానే ఉంది.

పొద్దున్నే ఐదున్నర. సి బ్లాకు, నాలుగో అంతస్తు.
లిఫ్టు తలుపు తెరుచుకోకముందే
గోడకు తోక కొట్టుకునే చప్పుడు.
మేజర్‌కి పదేళ్ళు. మూతి చుట్టూ సున్నం రాసినట్టు నెరుపు.
ఆరో అంతస్తులో జిప్పీ, జానెడు కాళ్ళ డాక్సండ్:
మేజర్ ఒక అడుగేసేలోపు అది నాలుగేస్తాది,
సన్న కుట్టు, చంటిపిల్లల గౌన్లకు వేసేది.
కింద గేటు కాడ ఎవరిదీ కాని కరియ
ముందు కాళ్ళు ఒక దిక్కు, వెనక కాళ్ళు ఒక దిక్కు పెట్టి
ఏటవాలుగా ఉరుకుతాది,
క్రాసులో కత్తిరించిన గుడ్డ మాదిరి.
కాలికి కాలు తగలకుండా అది కనుక్కున్న ఉపాయం.
దానికి బెల్టు లేదు, టైము లేదు.
ఇరవై ఏడో మెయిన్ దాకా మాతోనే వచ్చి
ఇడ్లీ బండి కాడ మమ్మల్ని మర్చిపోతాది.

నిదానంగా నడిచే కుక్కను చూడండి.
వెనక ఎడమ, ముందు ఎడమ,
వెనక కుడి, ముందు కుడి.
ముందు కాలు లేచిన గుర్తులోనే
వెనక కాలొచ్చి దిగుతాది,
సూది పొడిచిన బెజ్జంలోకే మళ్ళీ సూది వచ్చినట్టు.
కొంచెం తొందరపడితే మూలకు మూల జత:
కుడి ముందరికి ఎడమ వెనకది తోడు.
అప్పుడు రవ్వంతసేపు
నాలుగు కాళ్ళూ నేల మీద ఉండవు.
ఆ రవ్వ నా కంటికి దొరకదు.
చేతికి దొరుకుతాది.
బెల్టు తేలికవుతాది,
అంతలోనే మళ్ళీ బరువు.

వాన పడి వెలిసిన ఒక పొద్దు
ఫుట్‌పాత్ బండల మీద మేజర్ గోళ్ళు వింటాన్నా.
టక్, టక్, టక్, జర్రు.
టక్, టక్, టక్, జర్రు.
నలభై మిషన్ల హోరులో
ఎవరి దారం తెగబోతాందో తల తిప్పకుండా చెప్పినదాన్ని,
నాకా తెలీదు!
కూర్చోబెట్టి పాదం తిప్పి చూసినా.
ఎడమ వెనక కాలి నడిమి గోళ్ళు రెండూ
సుద్దముక్కల్లా అరిగిపోయినాయి.

వాళ్ళమ్మ శర్మిష్ఠ మేడమ్ మంచి మనిషే.
ఫోన్ చూసి చెప్పింది:
"మూడు కిలోమీటర్లు నడిచిందే ఓబులక్కా,
యాప్‌లో అంతా సరిగ్గానే ఉంది కదా."
చూపించింది కూడా.
అగర చెరువు పక్కగా నీలం గీత,
వంకర లేదు, తెంపు లేదు.
ఆ గీతకు కాళ్ళు లేవు మేడమ్,
అనాలనుకున్నా. అనలేదు.
నెలకు నాలుగు వేలిస్తారు.

మూడు వారాల తర్వాత ఎక్స్‌రే తీయించినారు.
తుంటి కీలు.
డాక్టరు పెట్టిన పేరు మూడుసార్లు చెప్పించుకున్నా నోరు తిరగలేదు.
జారిన కుట్టు అని నా పేరు నేను పెట్టుకున్నా.
శర్మిష్ఠ మేడమ్ నా రెండు చేతులూ పట్టుకుంది.
జీతం పెంచలేదు, సరే,
ఆ పట్టుకోవడంలో చేతులు చల్లగా ఉన్నాయి.

ఇప్పుడు మేజర్‌కి పది నిమిషాలే.
మూలకు మూల జత కుదరడం లేదు దానికి.
ఒక పక్క కాళ్ళు రెండూ కలిపి, తర్వాత ఇంకో పక్కవి,
నిండిన నీళ్ళ బిందె మోసే మనిషిలా
అటూ ఇటూ ఊగుతా వస్తాది.
జిప్పీ ముందుకు లాగుతాది, ఆగుతాది,
వెనక్కి చూసి మళ్ళీ లాగుతాది.
టైల్స్ షాపు అద్దంలో మేమంతా కనపడతాం.
ఊగేది మేజర్ ఒక్కటే కాదని
ఆ అద్దంలోనే మొదటిసారి చూసినా.
చూసి, బెల్టు సర్దుకున్నా.

రాత్రి రూముకు పోతే
మూడంతస్తుల మెట్లు, లైటు లేదు.
తలుపు ఇంకా తట్టలేదు నేను.
లోపల్నించి రత్నవేణి,
పొయ్యి కాడ నుంచే, గరిట చప్పుడు మధ్యలో:
"ఏమే, పెడల్ తొక్కిన కాలు
ఈ పొద్దు ఆలస్యంగా వస్తాందే?"